గ్రామ మహిళా సంఘాలు: స్వచ్ఛంద సేవ

కూచిపూడి అనగానే మనకు భామాకలాపం జ్ఞాపకం వస్తుంది. తెర మీదుగా సత్యభామ జడ ముందుగా కనిపిస్తుంది. పిమ్మట ఆమె రంగం మీదికి వచ్చి తానెవరో తానే చెప్పుకొంటుంది. ఇంత ధీమాగా తన పేరు తాను చెప్పుకొనే ఆ స్త్రీ పాత్రను ఆ గ్రామంలో తరతరాలపాటు ధరించినవారు పురుషులే. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామగా దేశమంతటా పేరు పొందినారు. కాలం మారినది. వెంపటి చినసత్యంగారు మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో బాలికలకు ఈ విద్య నేర్పినారు. నేడు భామ వేషంలో మనకు ఎక్కువగా కనిపించేది స్త్రీలే.

రంగస్థలం మీద వచ్చిన ఈ మార్పు ఊరి వ్యవహారాలలో ఎంతవరకు వచ్చినది? కృష్ణా డెల్టాలో నాట్లు వేసేది స్త్రీలు, కలుపు తీసేది స్త్రీలు. మంచినీరు మోసేది వారే, బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకొని కూర్చునేదీ వారే. కాని చెరువు గురించి, వైద్యం గురించి, బడి గురించి రచ్చబండ దగ్గర మాట్లాడినది చిరకాలంపాటు పురుషులే. ఇక్కడ కూడ ఒకరి పాత్రను మరొకరు ధరించినట్లే జరిగినది. ఈ పరిస్థితిని మార్చటానికి పుట్టినవే గ్రామ మహిళా సంఘాలు. అవి ఎట్లు పుట్టినవి, ఎట్లు పనిచేస్తున్నవి, ఎక్కడ దారి తప్పుతున్నవి అనే విషయాలను ఇప్పుడు మనం విచారింతము.

ముందుగా ఒక మాటకు అర్థం తెలుసుకోవడం మంచిది. స్వచ్ఛంద సేవ అంటే జీతం లేని చాకిరీ అని చాలామంది అనుకొంటారు. ఆ మాటలో జీతం ప్రసక్తి లేనేలేదు. 'స్వ' అంటే తన, 'ఛందం' అంటే ఇష్టం. తన ఇష్టంతో, తన నిర్ణయంతో చేసే పని స్వచ్ఛందం. ఎవరో ఆజ్ఞాపించగా ఉచితంగా చేసే పని వెట్టి అవుతుందిగాని స్వచ్ఛంద సేవ కాదు. ఈ రెండింటి మధ్యనున్న భేదమే మహిళా సంఘాల చరిత్రలో ఆదినుండి నేటివరకు కనిపిస్తున్నది.

ఈ చరిత్రకు మన డెల్టాలోనే మంచి ప్రారంభం ఉన్నది. కూచిపూడికి దాపునే ఉన్న మచిలీపట్నంలో 1902లో భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబగారు కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించినారు. అచ్చమాంబగారు 1874లో జన్మించినారు. ఆమె కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్కగారు. బడికి వెళ్ళే అవకాశం లేక, తమ్ముని సహాయంతో ఇంటివద్దనే చదువుకొన్నారు. ఆ చదువుతోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసినారు. గ్రంథం వ్రాసి ఊరుకొనక, ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలను నెలకొల్పటానికి పూనుకొన్నారు. 1905లో, ముప్పది యొక్క ఏండ్లయినా నిండకుండానే, ఆమె మరణించినారు. కాని ఇంటి నాలుగు గోడలమధ్య నున్న స్త్రీలు ఒకచోట కూర్చుండి తమ విషయాలు తామే మాట్లాడుకోవచ్చునని ఆమె చూపిన త్రోవ నిలిచినది.

ఇంచుమించు అదే కాలంలో ప్రపంచపు మరొక మూల ఇటువంటి పనే జరుగుతున్నది. కెనడా దేశంలో అడిలైడ్ హుడ్లెస్ అనే ఆమె తన పసిబిడ్డను పోగొట్టుకొన్నది. కలుషితమైన పాలు త్రాగటమే బిడ్డ మరణానికి కారణమని తెలిసి ఆ తల్లి కుమిలిపోయినది. పాడిని గురించి రైతులకు సంఘాలున్నవి. ఆ పాలను బిడ్డకు పట్టే తల్లికి మాత్రం ఏ సంఘమూ లేదు. 1897లో ఒంటారియో రాష్ట్రంలోని స్టోనీ క్రీక్ అనే చోట గ్రామీణ స్త్రీల మొదటి సంఘం ఆమె ప్రోత్సాహంతో ఏర్పడినది. 1915లో ఆ ఉద్యమం బ్రిటన్‌కు ప్రాకినది. దేశం వేరు, భాష వేరు. అయినా ఇంటి కష్టమే ఊరి పనికి దారి తీయటం అక్కడా ఇక్కడా ఒక్కటే.

స్వచ్ఛంద సేవికకు ఉండవలసిన నిబ్బరం ఎటువంటిదో తెలుపుటకు ఒక్క ఉదాహరణ చాలును. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద పదునాలుగేండ్ల బాలిక ఒకరు సేవికగా నిలుచున్నారు. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు చెప్పినారు. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేకుండా వచ్చినారు. ఆ బాలిక ఆయనను ఆపినది. పెద్దలు టిక్కెట్టు తెచ్చి ఇచ్చిన పిమ్మటనే లోనికి పోనిచ్చినది. ఆ బాలికయే దుర్గాబాయి. తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించినారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైనారు.

ఆ బోర్డు 1954లో గ్రామాలలో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులను ఆరంభించినది. ఒక్కొక్క ప్రాజెక్టు క్రింద సుమారు 25 గ్రామాలు ఉండేవి. పిల్లలకు బాలవాడి, గర్భిణులకు మంత్రసాని సహాయం, పెద్దలకు చదువు, కుట్టుపని వంటి చేతిపనులు వాటి కార్యక్రమాలు. వాటిని నడుపుటకు ఏర్పడిన కమిటీలలో ఉద్యోగులకంటె స్వచ్ఛంద సేవికలకే ప్రాధాన్యం ఉండేది. అంతకుముందే, 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకం క్రింద, గ్రామసేవికలు ఊళ్ళలో మహిళా మండలులను ఏర్పాటు చేయసాగినారు. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ద్వారా ఇంటింటి స్త్రీలకు తెలుగులో వార్తలు, ప్రసంగాలు వినే వీలు అప్పటికే కలిగినది.

డెల్టాలో ఈ పనిని కొనసాగించిన సంస్థలలో వాసవ్య మహిళా మండలి పేర్కొనదగినది. గోరాగారు, సరస్వతీ గోరాగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించినారు. 1947లో దానిని విజయవాడకు మార్చినారు. వారి ప్రోత్సాహంతో 1969లో విజయవాడలో ఈ మండలి ఏర్పడినది. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల మొదటి అక్షరాలు కూర్చగా 'వాసవ్య' అయినది. గోరాగారి కుమార్తె చెన్నుపాటి విద్యగారు ఈ మండలిని చిరకాలం నడిపినారు. 1980లోను, 1989లోను విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికైనారు. సంఘంలో మాట్లాడటం నేర్చిన స్త్రీ శాసనసభల దాకా పోగలదనుటకు వారి జీవితం నిదర్శనం.

ఇక పొదుపు సంఘాల విషయం. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినది. రాత్రి బడిలో కూర్చున్న స్త్రీలు చదువుతోపాటు తమ బ్రతుకులను గురించి మాట్లాడుకొన్నారు. 1992లో దూబగుంట గ్రామస్త్రీలు తమ ఊరిలో సారా అమ్మరాదని అడ్డు నిలిచినారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా ప్రాకి, 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రంలో సారా నిషేధానికి కారణమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది. 1997లో దానిని సడలించినారు. శాసనం సడలినా, సారా ఖర్చు తగ్గగా మిగిలిన డబ్బును రోజుకొక రూపాయి చొప్పున దాచుకొనే అలవాటు పోలేదు. ఆ అలవాటే పొదుపు సంఘాల రూపంలో జిల్లాలన్నింటికి వ్యాపించినది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా ఆరంభించిన పద్ధతి వలన బ్యాంకులు ఈ సంఘాలకు నేరుగా అప్పులివ్వసాగినవి. 2000లో ఆరంభమైన 'వెలుగు' పథకంతో సంఘాలు కలిసి గ్రామ సమాఖ్యలు, అవి కలిసి మండల సమాఖ్యలు, వాటిపైన జిల్లా సమాఖ్యలు ఏర్పడినవి.

సంఘం లోపల జరిగే పని ఎట్టిదో చూతము. సాధారణంగా ఒక సంఘంలో 10 నుండి 20 మంది సభ్యులుంటారు. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ: ఈ అయిదూ క్రమం తప్పకుండా జరగవలెనన్నది నియమం. వీటినే పంచసూత్రాలంటారు. ఉదాహరణకు పన్నెండుమంది సభ్యులు వారానికి 50 రూపాయల చొప్పున దాచినారనుకొందాము. వారానికి 600, సంవత్సరానికి 31,200 రూపాయలవుతవి. అందులోనుండి ఒక సభ్యురాలు పదివేల రూపాయలు అప్పు తీసికొన్నదనుకొందాము. బయట నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే, ఏడాదికి 3,600 రూపాయల వడ్డీ అవుతుంది. సంఘంలో రూపాయి వడ్డీకి తీసికొంటే 1,200 చాలును. పైగా ఆ 1,200 ఊరు దాటిపోక, సంఘం పెట్టెలోనే చేరుతుంది.

ఇది లెక్క. కాని లెక్కకు వెనుక మరొకటి ఉన్నది. ఇద్దరు అప్పు అడిగినారు. డబ్బు ఒకరికే చాలుతుంది. ఒకరికి బిడ్డ వైద్యం, మరొకరికి గేదె కొనుగోలు. ఎవరికి ముందు ఇవ్వవలెను? పన్నెండుమంది చుట్టూ కూర్చుండి, ఎదురెదురుగా మాట్లాడుకొని, తీర్మానం వ్రాసి, దాని క్రింద సంతకాలు పెట్టవలెను. ఇంటిలో ఎన్నడూ 'నీ అభిప్రాయమేమి?' అని ఎవరూ అడగని స్త్రీ అక్కడ మొదటిసారి అభిప్రాయం చెపుతుంది. కాదన్న మాటను ఓర్చుకోవడం నేర్చుకొంటుంది, తానూ కాదనటం నేర్చుకొంటుంది. ఊరి పనికి ఇంతకంటె మంచి పాఠశాల లేదు. పొదుపు డబ్బు స్త్రీలను ఒకచోట చేర్చే నిమిత్తం మాత్రమే. వారమునకొకసారి కూర్చుండి నిర్ణయించుకొనే అలవాటే అసలు పెట్టుబడి.

ఈ అలవాటు గల సంఘం డెల్టా గ్రామంలో ఏమేమి చేయగలదు? మొదటిది మంచినీరు. వేసవిలో కాలువలు కట్టివేస్తారు. కట్టివేయకముందే ఊరి మంచినీటి చెరువు నింపుకోవలెను. నింపేముందు గుర్రపుడెక్క తీయించినారా, గట్లు బాగున్నవా, పశువులు దిగకుండ కంచె ఉన్నదా అని చూచేవారుండవలెను. ఆ నీరు బిందెలో తెచ్చుకొనే స్త్రీకంటె ఆ చెరువు సంగతి ఎక్కువ తెలిసినవారెవరు? వారానికి ఇద్దరు సభ్యులు వంతులవారీగా చెరువు చూచివచ్చి, లోపం కనబడితే పంచాయతీకి వ్రాతమూలకంగా తెలిపితే, సగం రోగాలు గుమ్మం దాటి రావు.

రెండవది తిండిగింజలు. కూలి దొరకని నెలలలో పేద కుటుంబాలు బియ్యాన్ని చిల్లరగా ఎక్కువ ధరకు కొనుక్కొంటవి. సంఘాలు కలిసి బియ్యం టోకున కొని, సభ్యులకు అప్పుగా ఇచ్చి, వాయిదాలలో వసూలు చేసే పద్ధతి 'వెలుగు' కాలంలో చాలా గ్రామాలలో నడిచినది. కొలత సరిగా ఉన్నదో లేదో చూచుకొనేది తామే. ధర నిర్ణయించుకొనేది తామే. మూడవది పసిపిల్లల సంరక్షణ. 1975లో దేశంలో అంగన్‌వాడీల పథకం ప్రారంభమైనది. బిడ్డ బరువు ప్రతి నెల తూచినారా, బరువు తగ్గిన బిడ్డ ఇంటికి ఎవరైనా వెళ్ళినారా అని సమావేశంలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఆ కేంద్రం పని సగం చక్కబడుతుంది.

నాలుగవది, మన డెల్టాకు ప్రాణసమానమైనది, తుపాను జాగ్రత్త. 1977 నవంబరు 19 రాత్రిని దివిసీమ మరువలేదు. సముద్రం ఊళ్ళమీదికి వచ్చినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది చనిపోయినారు. 1990 మే నెలలో మచిలీపట్నం ప్రాంతానికి మరొక పెద్ద తుపాను వచ్చినది. అప్పటి మృతులు వేయికి లోపు. ఆ సంఖ్య కూడ చిన్నది కాదు. కాని హెచ్చరికలు ముందుగా అందటం, జనాన్ని ముందుగా తరలించటం ఎన్ని ప్రాణాలను కాపాడగలవో ఈ రెండింటినీ పోల్చి చూస్తే తెలుస్తుంది.

హెచ్చరిక రేడియోలో వస్తుంది. కాని మంచం పట్టిన ముసలమ్మను రేడియో లేపి తీసికొనిపోలేదు. నెలలు నిండిన గర్భిణి ఏ ఇంటిలో ఉన్నది, నడవలేని వృద్ధులెవరు, చెరువుగట్టున ఒంటరిగా ఉన్నదెవరు అనే జాబితా సంఘం చేతిలో ఉండవలెను. ఎవరి తలుపు ఎవరు తట్టవలెనో ముందే నిర్ణయించుకోవలెను. రేషను కార్డు, పట్టా పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు తడవని సంచిలో కట్టి ఉంచవలెను. రేడియోకు క్రొత్త బ్యాటరీలు సిద్ధంగా ఉండవలెను. గాలివానకు ముందుగా పోయేది కరెంటే. తుపాను రక్షణ భవనం తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో కార్తీకమాసంలో గాలి లేచినప్పుడు వెదకటంకాదు, భాద్రపదంలోనే తెలిసియుండవలెను. ఈ జాబితా వ్రాయటానికి కావలసినది ఒక నోటుపుస్తకం, ఒక సాయంకాలం, అంతే.

ఇంతవరకు మంచి సంగతులు చెప్పుకొన్నాము. దారి తప్పే చోట్లనుగూర్చి కూడ చెప్పుకోవడం ధర్మం. 2010 నాటికి మన గ్రామాలలో మరొక రకం గుంపులు తయారైనవి. కొన్ని ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అయిదారుగురు స్త్రీలను ఒకచోట చేర్చి, ఒకరికొకరిని హామీగా ఉంచి, అప్పులిచ్చినవి. చూడటానికి అదీ సంఘమే. కాని అక్కడ పొదుపు లేదు, తీర్మానం లేదు, ఎవరికి ఎంత ఇవ్వవలెనో నిర్ణయించేది సభ్యులు కారు. ఒకే ఇల్లాలు మూడుచోట్ల అప్పుపడినది. వాయిదా తప్పితే ఇరుగుపొరుగు స్త్రీలే వసూలుకు వచ్చి కూర్చున్నారు. స్నేహం పోయినది, పరువు పోయినది; కొన్ని కుటుంబాలలో ప్రాణాలు కూడ పోయినవి. ఆ సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళను అరికట్టవలసి వచ్చినది. సంఘం వేషం ఉన్నంతమాత్రాన సంఘం కాదని ఆనాడు మన స్త్రీలు చాలా ఖరీదు చెల్లించి తెలుసుకొన్నారు.

రెండవ ప్రమాదం పైకి కనిపించదు. పుస్తకాలు వ్రాసేందుకు ఒకరిని పెట్టుకొంటారు. వ్రాసేవారు వ్రాస్తారు, సభ్యులు చూపిన చోట సంతకం చేస్తారు. నెలలు గడచిన కొద్దీ సమావేశం తగ్గి, సంతకం మాత్రం మిగులుతుంది. బ్యాంకు అప్పు వచ్చిన రోజున అందరూ కనిపిస్తారు. చెరువు మాట వచ్చిన రోజున ఎవరూ రారు. మూడవది, సేవ పేరున మోపే భారం. ఏ ప్రచారం వచ్చినా, ఏ లెక్క తీయవలసి వచ్చినా, ఏ సభకు జనం కావలసినా మహిళా సంఘానికే కబురు వస్తుంది. పగలంతా పొలంలో వంగి నాట్లు వేసి వచ్చిన స్త్రీని సాయంకాలం ఈ విధంగా పిలవటం న్యాయమా? రామని చెప్పే హక్కు లేనప్పుడు అది స్వచ్ఛందం ఎట్లవుతుంది? పని ప్రభుత్వానిదైతే దానికి తగిన ప్రతిఫలం ఇవ్వవలెను. పని సంఘానిదైతే దానిని సంఘమే ఎన్నుకోవలెను.

పంచాయతీలలోను ఇదే కనిపిస్తున్నది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడింట ఒకవంతు స్థానాలిచ్చినది. 2011లో మన రాష్ట్రం దానిని సగానికి పెంచినది. అయినా సర్పంచి కుర్చీలో భార్య పేరు, మాటలో భర్త గొంతు వినిపించే ఊళ్ళు ఇంకను ఉన్నవి. కూచిపూడిలో పురుషుడు స్త్రీ వేషం ధరించుట గొప్ప కళ. దాని వెనుక సంవత్సరాల సాధన ఉన్నది. పంచాయతీలో భార్య వేషం భర్త ధరించుట కళ కాదు. సంఘంలో పదేండ్లు తీర్మానాలు వ్రాసి, కాదనటం నేర్చిన స్త్రీ సర్పంచి అయినప్పుడు ఆ గొంతు అరువు తెచ్చుకోవలసిన అవసరం ఉండదు.

పైనుండి వచ్చిన సంస్థలు కాలానుగుణంగా మారిపోతవి. దుర్గాబాయిగారు మొదటి అధ్యక్షురాలుగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు సుమారు డెబ్బది సంవత్సరాలు నడచి, 2022లో మూతపడినది. పథకాల పేర్లు ఎన్నో మారినవి, ఇక ముందు కూడ మారుతవి. పేర్లు మారినా నిలువవలసినది ఊరిలో ఆ పన్నెండుమంది వారానికొకసారి చుట్టూ కూర్చునే చాప.

కనుక ఈ పత్రిక చదివే సోదరీమణులు తమ ఊరి సంఘాన్ని మూడు ప్రశ్నలు వేసి చూడవలెనని మా మనవి. పోయిన సమావేశంలో ఏ తీర్మానం చేసినారో ప్రతి సభ్యురాలూ పుస్తకం చూడకుండ చెప్పగలదా? అప్పులు, వాయిదాలు కాక ఊరికి సంబంధించిన పని ఏదైనా ఈ సంవత్సరం సంఘం తనంత తాను తలపెట్టినదా? పైనుండి వచ్చిన ఏదైనా పనిని 'ఇది మా పని కాదు' అని సంఘం ఎప్పుడైనా కాదన్నదా? మూడింటికీ అవునని జవాబు వచ్చినచోట ఆ సంఘం బ్రతికియున్నదని ధైర్యంగా చెప్పవచ్చును. రాని చోట నిరుత్సాహపడనక్కరలేదు. వచ్చేవారం సమావేశంలో పొదుపు లెక్క ముగిసిన పిమ్మట మరొక అరగంట కూర్చుండి, ఊరి మంచినీటి చెరువు సంగతితో ఆరంభించవచ్చును.